వ్యాయామ చికిత్స : రోగి నేర్చుకోవలసినది, ఇంటివారు తెలుసుకోవలసినది

మందు పుచ్చుకొన్నవారికి ఆ మందు లోపల ఏమి చేస్తున్నదో తెలియకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. రాత్రి పడుకొనేముందు త్రిఫలాచూర్ణం వేసుకొనేవారు దాని గుణధర్మాలను వల్లించనక్కరలేదు. వ్యాయామ చికిత్స సంగతి అలా కాదు. ఇందులో మందును తయారుచేయవలసినవారూ రోగే, సేవించవలసినవారూ రోగే, మోతాదు చూసుకోవలసినవారూ రోగే. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా చేయగలిగింది ఆ తయారీని సరిగా నేర్పడం. వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా అరగంట చొప్పున మా వద్ద గడిపే రోగి మిగిలిన కాలమంతా తన ఇంట్లోనే ఉంటారు. నొప్పి తగ్గేదీ, తగ్గనిదీ ఎక్కువభాగం ఆ ఇంట్లో జరిగేదానిని బట్టి ఉంటుంది.

గోదావరి జిల్లాలలో పాతికేళ్ళకు పైగా నేను ఈ వృత్తిలో ఉన్నాను. మోకాళ్ళ నొప్పులతో వచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే. “డాక్టరమ్మా, కరెంటు పెడతారా?” అని. కరెంటు పెట్టించుకొని, మైనం పట్టించుకొని వెళ్ళడమే ఫిజియోథెరపీ అన్న అభిప్రాయం మన ఇళ్ళలో బలంగా నాటుకొనిపోయింది. ఆ పరికరాలవల్ల కొందరికి తాత్కాలికంగా హాయి కలగవచ్చును. కాని మోకాళ్ళ అరుగుదలకు అవి మేలు చేస్తాయనడానికి తగిన ఆధారం లేదని, వ్యాయామాన్నే అందరికీ ముఖ్య చికిత్సగా సూచించాలని ఇంగ్లండులోని వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. కరెంటు పెట్టేటప్పుడు రోగి పడుకొని ఉంటే సరిపోతుంది. వ్యాయామానికి రోగి నేర్చుకోవలసి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలను చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికీ నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసిన గుణాలుగా స్మృతి, నిర్దేశకారిత్వం, అభీరుత్వం, జ్ఞాపకత్వం అనే వాటిని పేర్కొన్నారు. చెప్పినది గుర్తుంచుకోవడం, చెప్పినట్లు చేయడం, భయపడకపోవడం అనేవి మొదటి మూడు. నాలుగవదానిని చూసి ఇదీ గుర్తుంచుకోవడమే కదా అని తెలుగువారు పొరబడే అవకాశం ఉన్నది. ఇక్కడ జ్ఞాపకత్వమంటే తెలియజేయగలగడం. తన బాధ ఎలా ఉన్నదో వైద్యునికి విడమరచి చెప్పగలగడమన్నమాట. ఈ నాలుగూ రోగికి పుట్టుకతో వచ్చే గుణాలని నేను అనుకోను. నేర్పేవారు సరిగా నేర్పితే వీటిలో ప్రతి ఒక్కటీ పెరుగుతుంది. సరిగా నేర్పకపోతే ఉన్నవి కూడా పోతాయి.

“గుజ్జు అరిగిపోయింది”

ముందుగా భయం సంగతి చూద్దాం. ఎక్స్‌రే చేతపట్టుకొని వచ్చినవారు “గుజ్జు అంతా అరిగిపోయిందన్నారండీ” అంటారు. ఈ ఒక్క మాట రోగి మనస్సులో ఒక చిత్రాన్ని గీస్తుంది. చెప్పు అడుగు అరిగినట్లు, బండి టైరు అరిగినట్లు మోకాలు అరుగుతున్నదని, నడిచినకొద్దీ ఇంకా అరుగుతుందని. ఇలా నమ్మినవారికి ఎన్ని వ్యాయామాలు చూపించినా ఏమి ప్రయోజనం? ఇంటికి వెళ్ళి కాలు కదపకుండా కూర్చుంటారు. అందుచేత వ్యాయామం చూపించడానికి ముందు ఆ చిత్రాన్ని మార్చవలసి ఉంటుంది.

ఎముకల చివరలనుండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగట ద్రవం నుండే దానికి పోషణ అందుతుంది. ఆయుర్వేదం శ్లేషక కఫమని చెప్పినది కీళ్ళలోని ఈ జిడ్డుదనాన్నే. బరువు పడినప్పుడు మృదులాస్థి కొద్దిగా నొక్కుకొని, బరువు తీసినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకొంటుంది. నీళ్ళలో స్పాంజిని నొక్కి వదిలితే ఎట్లా ఉంటుందో అట్లాగే. కదలిక లేని కీలుకు ఈ పోషణ సరిగా అందదు. అంతేకాక, నడిచేటప్పుడూ మెట్లు దిగేటప్పుడూ మోకాలిపై పడే అదురును చాలావరకు తొడ ముందుభాగపు కండరం మోస్తుంది. నొప్పికి భయపడి కూర్చున్నకొద్దీ ఆ కండరం పలచబడిపోతుంది, దాని భారం కూడా కీలుమీదనే పడుతుంది. మరొక విషయం. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ, రోగి పడే బాధకూ పొంతన ఉండాలన్న నియమం లేదు. ఎంతో అరుగుదల ఉన్నవారు హాయిగా తిరగడం, కొద్దిపాటి అరుగుదల ఉన్నవారు మంచానికి అతుక్కుపోవడం నేను తరచు చూస్తుంటాను.

ఇది పెద్ద ఉపన్యాసమేమీ కాదు, అయిదు నిమిషాల మాట. వంటింట్లో పీచు పట్టుకొని గిన్నెలు తోమే గృహిణికి స్పాంజి సంగతి చెబితే వెంటనే పట్టుకొంటుంది.

పదకొండు వ్యాయామాల చీటీ

యాభయ్యెనిమిదేళ్ళ ఒక ఇల్లాలు మరొకచోట చికిత్స పొంది మా వద్దకు వచ్చారు. ఆమె చేతిసంచిలో నాలుగు మడతలు వేసిన అచ్చుకాగితం ఉన్నది. దానిపై పదకొండు వ్యాయామాల బొమ్మలు, ఒక్కొక్కటీ పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు చేయాలని సూచన. అంటే రోజుకు మూడువందల ముప్ఫయి కదలికలు. నాలుగురోజులు పట్టుదలగా చేశారట. అయిదవరోజు మోకాలు వాచింది. “నా ఒంటికి పడలేదండీ” అని మానివేశారు. ఆ బొమ్మలను చూస్తూ చేసి చూపించమన్నాను. మూడింటిని అసలు పోల్చుకోలేకపోయారు. రెండింటిని తలక్రిందులుగా చేశారు.

ఆమెలో శ్రద్ధ లేదనడానికి వీలులేదు. వైద్యులు చెప్పినదానిలో నూటికి 40 నుండి 80 వంతుల వరకు రోగులు వెంటనే మరచిపోతారని, గుర్తున్నదానిలో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో ఒక డచ్చి పరిశోధకుడు రాసిన సమీక్షావ్యాసం పేర్కొన్నది. చెప్పే విషయం పెరిగినకొద్దీ మరచిపోయే భాగమూ పెరుగుతుంది. అమెరికాలో 1999లో ప్రచురితమైన ఒక చిన్న పరిశీలనలో 65 ఏళ్ళు దాటినవారిని మూడు జట్లుగా చేసి ఒక జట్టుకు 2, ఒక జట్టుకు 5, మరొక జట్టుకు 8 వ్యాయామాలు ఇచ్చారు. ఎనిమిది పుచ్చుకొన్నవారికంటె రెండు పుచ్చుకొన్నవారే వాటిని సక్రమంగా చేసి చూపగలిగారు. అందులో పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, నా అనుభవం మాత్రం ఆ ఫలితంతో అక్షరాలా ఏకీభవిస్తుంది. మొదటి రోజున రెండుకు మించి నేను నేర్పను.

ఏ రెండు అన్నది నిర్ణయించడానికి ముందు ఒక ప్రశ్న అడగాలి. “మోకాలు ఎంతవరకు వంగుతుంది?” అన్నది మా ప్రశ్న. “ఈ నొప్పివల్ల మీరు ఏ పని చేయలేకపోతున్నారు?” అన్నది రోగి ప్రశ్న. ఆ ఇల్లాలిని ఇది అడిగితే మొదట మెట్లు ఎక్కలేకపోతున్నానన్నారు. కోడలు బయటికి వెళ్ళిన తరువాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. వారిది పాతకాలపు ఇల్లు, మరుగుదొడ్డి నేలబారు పద్ధతిది. కూర్చుంటే లేవడం కష్టమై, ఎవరినైనా పిలవడానికి సిగ్గుపడి, సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు తాగడం మానుకొన్నారు. ఏడాదిగా అదే వరుస. మూత్రంలో మంటకు రెండుసార్లు మందులు కూడా వాడారు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇటువంటి సంగతి తెలియకుండా ఇచ్చే చీటీలో పదకొండు ఉన్నా ఇరవై ఉన్నా ఒక్కటే. ఆమెకు రెండే నేర్పాను. మొదటిది, మంచంమీద కాళ్ళు చాపుకొని కూర్చుని, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు పెట్టుకొని, దానిని కాలితో అదిమి అయిదు అంకెలు పైకి లెక్కపెట్టి వదలడం. పైకి లెక్కపెట్టమనడం ఎందుకంటే, అలా చేసేటప్పుడు ఊపిరి బిగపట్టడం సాధ్యం కాదు. రక్తపోటు ఉన్నవారికి ఇది ముఖ్యం. రెండవది, ఎత్తయిన కుర్చీలోనుండి చేతుల ఊతం వీలైనంత తగ్గించి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం. ఆమెకు కావలసినది లేవడమే కదా! దానితోపాటు మరుగుదొడ్డి గోడకు ఒక ఇనుపకడ్డీ, పైన అమర్చుకొనే స్టూలు పెట్టించమని, ఆమె అనుమతితో, కొడుక్కు చెప్పాను. ఆ రాత్రినుండే నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. కండరం బలపడడానికి ఎనిమిది వారాలు పట్టింది. మూడవ వారంలో కుర్చీ ఎత్తు తగ్గించాం, అయిదవ వారంలో మెట్టు ఎక్కి దిగడం చేర్చాం.

“ఇంటి పనంతా నేనే చేస్తున్నాను, అంతకంటె వ్యాయామం ఏముంటుంది?” అని చాలామంది గృహిణులు ప్రశ్నిస్తారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటిపనిలో అలసట ఉన్నది, కదలిక ఉన్నది. కాని ఒక బలహీనమైన కండరానికి రోజురోజుకూ కొంచెంగా పెంచుతూ ఇచ్చే భారం అందులో లేదు. పైగా నొప్పి ఉన్న కాలిని తప్పించి రెండవ కాలితో పని నడుపుకొనే అలవాటు తెలియకుండానే వచ్చేస్తుంది.

“అర్థమైందా?” అని అడగరాదు

మనవారికి పెద్దరికం మీద గౌరవం ఎక్కువ. డాక్టరుగారు “అర్థమైందా?” అంటే కాలేదనడం మర్యాద కాదని “ఆఁ, అయిందండీ” అంటారు. తల ఊపుతారు. ఆ తల ఊపుడును నమ్ముకొని చికిత్స చేయరాదు. నేను అనుసరించే పద్ధతి ఒక్కటే. వెంట వచ్చిన కోడలినో, కూతురినో, భర్తనో లోపలికి పిలిచి, “అమ్మా, ఇప్పుడు మీరు వీరికి నేర్పండి” అంటాను. నేను పక్కకు తప్పుకొంటాను. రోగి చేతిలోకి పాఠం వెళ్ళిందో లేదో రెండు నిమిషాలలో తేలిపోతుంది. పైగా, నేర్పేవారి స్థానంలో కూర్చున్న పెద్దావిడ ముఖంలో వచ్చే ఉత్సాహం వేరు. మరుసటిసారి వచ్చినప్పుడు కూడా “చేస్తున్నారా?” అని నేను అడగను. “ఒకసారి చూపించండి” అంటాను. మొదటి ప్రశ్నకు అబద్ధం చెప్పవచ్చును, రెండవదానికి చెప్పలేరు.

మాటల ఎంపికలో ఒక కిటుకు ఉన్నది. “తొడ కండరం బిగించండి” అంటే చాలామందికి ఏమి బిగించాలో తోచదు. “తువ్వాలు నలిగిపోయేటట్లు అదమండి” అంటే వెంటనే చేస్తారు. శరీరభాగం మీదకంటె బయట ఉన్న వస్తువుమీద మనస్సు పెట్టినప్పుడు కదలిక బాగా అబ్బుతుందని కదలికలను నేర్చుకొనే తీరుపై జరిగిన పరిశోధనలు 1998 నుండి చూపుతూ వచ్చాయి. మన నాట్యాచార్యులకూ, గరిడీ గురువులకూ ఇది పరిశోధన లేకుండానే తెలుసునని నా అభిప్రాయం.

కాగితాలవల్ల ప్రయోజనం లేదని కాదు. అయితే 1996లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కాగితం మాత్రమే చూసి చేసినవారికంటె మనిషి దగ్గరుండి నేర్పినవారు వ్యాయామాలను మెరుగ్గా చేశారు. సరిగా చేసినవారికి నొప్పి కూడా ఎక్కువగా తగ్గింది. ఇప్పుడు ప్రతి ఇంటా సెల్‌ఫోను ఉన్నది కనుక నేను రోగి ఫోనులోనే, రోగి చేస్తుండగా, నా మాట వినపడేటట్లు ఒక నిమిషం వీడియో తీయిస్తాను. ఎవరో సన్నని అమ్మాయి చేసే వ్యాయామాన్ని యూట్యూబులో చూసి చేయడానికీ, తన ఒంటితో తాను సరిగా చేసినదానిని చూసుకొని చేయడానికీ ఎంతో భేదం ఉన్నది. మీ ఫిజియోథెరపిస్టు తీయకపోతే మీరే అడగండి. కాదనేవారు అరుదు.

ఇక వేళ. “రోజూ ఉదయం, సాయంత్రం” అని చెబితే పది రోజులలో జారిపోతుంది. 1993లో నెదర్లాండ్స్ దేశంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో రోగులు వ్యాయామాలు మానివేయడానికి ముఖ్య కారణాలుగా తేలినవి మూడు : నిత్యజీవితంలో వారికి తోచిన అడ్డంకులు, బాగా చేస్తున్నారని ఎవరూ చెప్పకపోవడం, తమ చేతిలో ఏమీ లేదన్న నిస్సహాయభావం. అడ్డంకికి మందు ఉన్న పనికి వ్యాయామాన్ని ముడివేయడమే. కాఫీ డికాక్షను దిగేలోపు కుర్చీ వ్యాయామం. కుక్కరు కూతలు వచ్చేలోపు గట్టు పట్టుకొని మడమలు ఎత్తడం. సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు తువ్వాలు అదమడం. రెండవ కారణానికి మందు ఇంటివారి చేతిలోనే ఉన్నది. “అత్తయ్యా, నిన్నటికంటె తేలిగ్గా లేచారు” అన్న కోడలి మాటకు నా వద్దనున్న ఏ యంత్రమూ సాటిరాదు.

ఎంత నొప్పి వరకు చేయవచ్చును?

ఆయుర్వేదం వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయమన్నది. బలంలో సగం వరకే. నుదుటిపైన, ముక్కుపైన, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం మొదలైనవి దానికి గుర్తులుగా చెప్పారు. కొలత రోగి ఒంటిలోనే ఉండడం ఈ పద్ధతిలోని గొప్పదనం. మోకాలి విషయంలో నేను ఇటువంటి కొలతనే నేర్పుతాను. మొదలుపెట్టిన కొత్తలో నొప్పి కొంత పెరగవచ్చును. నైస్ మార్గదర్శకాలు కూడా ఈ విషయాన్ని రోగికి ముందే చెప్పమంటున్నాయి. ముందే చెప్పిన నొప్పికి రోగి భయపడరు, చెప్పని నొప్పికి మానివేస్తారు. చేసేటప్పుడు ఓర్చుకోగలిగిన నొప్పి ఉండి, మరునాటి ఉదయానికి మామూలు స్థితికి వస్తే మోతాదు సరిపోయినట్లు. మరునాడు కూడా నొప్పి పెరిగే ఉంటే, లేక వాపు వస్తే, మోతాదు సగానికి తగ్గించాలి. పూర్తిగా మానరాదు.

నువ్వులనూనె, మహానారాయణ తైలం, ఉప్పు కాపడం వంటివి వాడుకొనేవారిని నేను వద్దనను. పది నిమిషాలు కాపడం పెట్టుకొన్న తరువాత వ్యాయామం సుఖంగా సాగుతుంది. కాపడాన్ని వ్యాయామానికి ముందు చేసే ఏర్పాటుగా భావించాలి, బదులుగా కాదు. చక్కెరవ్యాధివల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవారు కాపడం విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండాలి. చర్మం కాలినా తెలియదు.

పక్షవాతపు రోగి ఇంట్లో

చరకుడు పరిచారకునికి చెప్పిన నాలుగు గుణాలు ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. ప్రేమ మూడవది. ఉపచారం ఎలా చేయాలో తెలిసి ఉండడం మొదటిది. ఈ వరుస ఎంత అర్థవంతమైనదో పక్షవాతపు రోగి ఉన్న ఇంటికి వెళితే తెలుస్తుంది. అక్కడ ప్రేమకు కొదువ ఉండదు. కొడుకు తండ్రిని చంకల క్రింద చేతులు వేసి లేపుతాడు. భార్య పడిపోయిన చేతిని పట్టుకొని లాగి కూర్చోబెడుతుంది. మాలిషు చేసేవాడు వచ్చి ఆ చేతిని తలపైకి గుంజుతాడు. పక్షవాతం వచ్చిన తొలినాళ్ళలో భుజం కండరాలు వదులైపోయి చేయి ఎముక గూటినుండి కొద్దిగా జారి ఉంటుంది. అటువంటి చేతిని లాగితే భుజం నొప్పి మొదలై, నెలల తరబడి వదలదు. ఆ నొప్పికి భయపడి రోగి వ్యాయామమే చేయనివ్వరు. కప్పీకి తాడు కట్టి చేతిని పైకి లాగించడం కూడా ఈ దశలో మంచిది కాదు.

ఇంటివారు నేర్చుకోవలసినవి కొద్దిపాటి విషయాలే. కూర్చున్నప్పుడు ఆ చేతిని దిండుపై ఆనించి ఉంచడం, లేపేటప్పుడు నడుము వద్ద పట్టుకోవడం, రోగి చేసుకోగలిగిన పనిని చేసుకోనివ్వడం. చివరిది అన్నిటికంటె కష్టం. ముద్ద నోటికి చేరడానికి పావుగంట పడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి మన ఆడవారికి మనసొప్పదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇంటివారికి నేర్పి పంపివేస్తే చాలు, నిపుణుల అవసరం లేదన్న ఆలోచన ఒకటి ఉన్నది. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1250 మంది పక్షవాత రోగులపై జరిగిన అటెండ్ అనే పరిశోధన ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో చికిత్స చేయించిన జట్టులోను, మామూలు వైద్యం పొందిన జట్టులోను ఆరునెలల తరువాత మరణించినవారూ పరాధీనంగా మిగిలినవారూ కలిపి నూటికి 47 మందే. తేడా కనిపించలేదు. ఇంటివారి శిక్షణ వృథా అని నేను దీనికి అర్థం చెప్పుకోను. భుజాన్ని కాపాడడం, పడిపోకుండా చూడడం వారే చేయాలి. నడక తిరిగి తెప్పించే బాధ్యతను మాత్రం వారి నెత్తిన పెట్టి నిపుణులు తప్పుకోరాదు. ఇంటి శిక్షణతోపాటు ఫిజియోథెరపిస్టు మధ్యమధ్య చూడడం, మార్చడం జరుగుతూనే ఉండాలి.

ఏ వ్యాయామమైనా ఇంట్లోనే చేసుకోవచ్చునని నేను రాసినదంతా చదివి, ఈ క్రింది లక్షణాలున్నవారు కూడా తువ్వాలు చుట్టుకొని కూర్చోవద్దు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినప్పుడు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నప్పుడు. పడిన తరువాత కాలు మోపలేకపోయినప్పుడు. రాత్రంతా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నప్పుడు. బరువు తగ్గిపోతున్నప్పుడు ముందుగా వైద్యునికి చూపించాలి. మాట తడబడినా, మూతి వంకర తిరిగినా, ఒక చేయి పడిపోయినా నూనె కోసం వెదకకుండా తక్షణం పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది కనుక, బాధ మొదలైన వేళను గుర్తుపెట్టుకొని అక్కడి వైద్యులకు చెప్పండి.